టిండేలు తాడు

హైడ్రా క్రేను దారిలోనే ఆగిపోయిందని తెలిసినప్పుడు కూర్మారావుకి కలిగిన సంతోషం పదిమందిలో చెప్పుకోదగ్గది కాదు. ఆ క్రేను నడిపేది అతని సొంత కొడుకు సునీల్.

దసరా పాడ్యమి నాడు పొద్దున్నే కొడుక్కి టిఫిన్ క్యారియర్ పట్టుకుని, టాటానగర్‌లో తాముండే భుయ్యాడీహ్ బస్తీ నుంచి సిద్ధగోరా దాకా నడిచి వచ్చాడు కూర్మారావు. పూజ పందిరి వేసే మైదానానికి ఒకటే దారి. ఆ దారిలో మురిక్కాలవ కోసం ఎవరో అడ్డంగా గొయ్యి తవ్వి, తవ్వినవాళ్లు తవ్వినట్టే మాయమయ్యారు. సునీల్ క్రేనుని గొయ్యి అంచుదాకా తెచ్చి, దిగి, లోపలికి తొంగిచూసి, చెవి గోక్కుంటూ నిలబడ్డాడు. అవతల మైదానం నడుమ ముప్పై ఎనిమిది అడుగుల గడియార స్తంభం టార్పాలిన్ కప్పుకొని నేలమీద వెల్లకిలా పడుకుని ఉంది. ఇనప చట్రం మీద ప్లైవుడ్డు, ప్లైవుడ్డు మీద ధర్మాకోల్ చెక్కడం. మేదినీపూర్ పనివాళ్లు నెలరోజులు కూర్చుని చేశారు. క్రేను వస్తుంది కదా, ఎత్తి నిలబెట్టేస్తుంది కదా అని పడుకోబెట్టే చేశారు.

"బాబా, నహీఁ హోగా," అన్నాడు సునీల్. తండ్రి తెలుగులో ఏది అడిగినా హిందీలో జవాబు చెప్పడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"నీ బండికవదురా. నాకవుతాది," అన్నాడు కూర్మారావు.

నిజానికి అతన్నెవరూ అడగలేదు. అడక్కుండా చెప్పడం అతని అలవాటు, అరవై ఎనిమిదేళ్లొచ్చినా పోలేదు. కూర్మారావు ఇక్కడి ఉక్కు కార్ఖానాలో ఖలాసీ టిండేలుగా చేసి దిగినవాడు. క్రేను అందుకోలేని చోట తాడూ కప్పీ గుంజా కలిపి బరువులెత్తేవాళ్లు ఖలాసీలు. ఇరవైమంది తాడు లాగుతుంటే, తాను తాడు ముట్టకుండా, అందరూ కనబడే చోట నిలబడి పాట ఎత్తుకునేవాడు టిండేలు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ గుంపులు ఎత్తి నిలబెట్టిన చిమ్నీలు ఇప్పటికీ ఊరి మీద పొగ వదులుతూనే ఉన్నాయి. వాటిని చూపిస్తూ "అది నాను లేపినదే" అనడం కూర్మారావుకి రోజూ పళ్లు తోముకోవడం లాంటిది.

టిఫిన్ క్యారియర్ కొడుకు చేతిలో పెట్టి గొయ్యి దాటి మైదానంలోకి పోయాడు. టార్పాలిన్ ఎత్తి చట్రం చూశాడు. అడుగున ఇనప పాదాలు నాలుగూ తట్టి చూశాడు. గట్టివే. టన్నున్నర ఉంటుందని కంటితోనే తూచాడు. ఆపైన పక్కనున్న రేకుల షెడ్డులో ఒక అమ్మాయి గుడ్డ పలకల మీద ఫొటోలు అంటిస్తుంటే చూసి అటు నడిచాడు. ఆ అమ్మాయి పేరు తనుశ్రీ, బారిడీహ్ పిల్ల. ఏటా ఏదో ఒక నమూనాలో కట్టే ఆ పందిరికి ఈ ఏటి ఊహ అంతా ఆ పిల్లదే.

"ఇది ఏ ఊరమ్మా?" అని హిందీలో అడిగాడు.

తనుశ్రీ తల ఎత్తింది. నెలరోజులుగా పూజ కమిటీ వాళ్లు ఆ పిల్లని టవరు ఎత్తెంత అని తప్ప ఇంకోటి అడగలేదు. ఊరి పేరు అడిగిన మొదటి మనిషి ఇతనే. జిగురు చేతులు పైజామాకి తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. టర్కీ దేశంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ఇప్పుడు ఇజ్మీర్ అంటారు, పూర్వం స్మిర్నా. వేల ఏళ్ల నాటి రేవు. లోపలి దేశం నుంచి ఒంటెల బారులు అత్తిపళ్లు, ఎండుద్రాక్ష, పత్తి, తివాచీలు మోసుకొచ్చేవి. ఒడ్డున యూరపు ఓడలు కాసుకుని ఉండేవి. టర్కులు, గ్రీకులు, ఆర్మేనియన్లు, స్పెయిన్ రాజు వెళ్లగొడితే వచ్చి చేరిన యూదులు, ఒడ్డు వెంబడి వీధి కట్టుకున్న ఫ్రెంచివాళ్లు, ఇటలీవాళ్లు, ఇంగ్లీషువాళ్లు. ఎవరి పేట వాళ్లది, ఎవరి గుడి వాళ్లది, బజారు మాత్రం అందరిదీ. ఒక తివాచీ అమ్ముడుపోయేలోగా నాలుగు భాషలు మాట్లాడాల్సి వచ్చేదట.

"మన సాక్చీ బజారన్న మాట," అన్నాడు కూర్మారావు.

తనుశ్రీ నవ్వింది. ఒక్కో పలక చూపించింది. టోపీ పెట్టుకున్న గ్రీకు వర్తకుడు, ఆర్మేనియన్ కంసాలి, యూదుల బట్టల కొట్టు, యూరపువాళ్ల వీధిలో గొడుగు పట్టుకున్న దొరసాని. కూర్మారావు చేతులు వెనక్కి కట్టుకుని పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా అన్నీ నిదానంగా చూశాడు. చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చాడు.

"అందరూ ఉన్నారు గానీ తల్లీ, ఒంటె మీది మూట ఓడలోకెక్కించినోడేడి?"

తనుశ్రీ పలకల వంక చూసింది. సంచీలోంచి ఫొటోల కట్ట తీసి నేలమీద పరిచి వెదికింది. అడుగునెక్కడో దొరికింది. ఒక ముసలివాడు నడుం రెండుగా వంచి, వీపు మీద తోలు దిండు కట్టుకుని, దాని మీద బీరువా అంత బేలు మోస్తున్నాడు. మొహం కనబడదు. కాళ్లు కనబడతాయి.

"వీళ్లని హమాల్ అనేవాళ్లు, కాకా."

"హమాలీ!" కూర్మారావు గొంతు షెడ్డంతా మోగింది. "మా టెక్కలి సంతలో కూడా హమాలీ అనే అంటారమ్మా! సూడు మరి, దొరసానికి గొడుగుతో సహా చోటిచ్చి, మనోణ్ని అడుగున పడేశావు."

తనుశ్రీ సిగ్గుపడింది. ఆ ఫొటో తీసి పక్కన పెట్టుకుంది. నూరేళ్ల కిందట యుద్ధంలో ఆ ఊరు చాలావరకు కాలిపోయిందనీ, గ్రీకులూ ఆర్మేనియన్లూ ఎందరో చచ్చిపోయారనీ, మిగిలినవాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయారనీ, ఈ గడియార స్తంభం మాత్రం నిలిచిందనీ చెప్పింది. అంతమంది కలిసి బతికిన ఊరు తగలబడటం కూర్మారావుకి నిజంగా కష్టం కలిగించింది.

షెడ్డు అవతలి చివర ఇంకో వరస ఉంది. పందిరి చూసి బయటికి పోయేవాళ్ల కోసం "మన ఊరి మనుషులు" అని కట్టిన పలకలు. బెంగాలీలకు బడి, పంజాబీలకు లారీ, సంతాలులకు ధంసా డోలు. తెలుగువాళ్ల పలక మీద కాళ్లకు గజ్జెలు కట్టుకున్న ఒక అమ్మాయి, పక్కన పళ్లెంలో దోసె, మూడు రకాల చట్నీలు.

సరిగ్గా అప్పుడే కమిటీ కార్యదర్శి సోమేశ్వరరావు లోపలికి వచ్చాడు. బరంపురం వైపు మనిషి, ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగాడు. చలవ చేసిన కుర్తా, జేబులో రెండు కలాలు. ఆ పలక రాయించింది ఆయనే.

"ఏటండీ సోమేశ్వర్రావు గారూ, మనం ఈ ఊరికి దోసెలెయ్యడానికొచ్చామేటి?" అన్నాడు కూర్మారావు.

"పండగపూట నలుగురికీ ఇంపుగా ఉండాలి కూర్మారావూ. తాళ్లూ గుంజలూ ఎవరు చూస్తారు?"

"అయితే ఒక మాట. మీ టవరు నాను నిలబెడతాను. నిలబడితే ఆ దోసె తీసి మా తాడు బొమ్మ పెట్టాలి."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. ముందు నిలబెట్టు. పంచమి సాయంత్రం పందిరి తెరవాలి. ఆ మధ్యాహ్నానికి లేవకపోతే రంపంతో పై సగం కోయించి, కింద ఫ్లెక్సు కట్టించేస్తాను."

కోయించడం అన్న మాటకి తనుశ్రీ మొహం పాలిపోయింది. కూర్మారావు ఆ పిల్ల వైపు చూసి, గడ్డం పైకెత్తి, "లేత్తాది" అన్నాడు.

అన్నంత సులువు కాలేదు. ఇరవై నలుగురు కావాలి. విదియ నాడంతా సైకిలు మీద తిరిగితే దొరికింది తొమ్మిదిమంది పాత ఖలాసీలు. రాలేనివాళ్లలో ఒకడికి మోకాలు, ఒకడికి బి.పి., ఒకడైతే మనిషి బాగానే ఉన్నాడు గానీ ఇంట్లోవాళ్లు చెప్పులు దాచేశారు. మొదట "వత్తన్నా" అన్నవాడు టాటానగర్ రైల్వేలో బ్రేక్‌డౌన్ గ్యాంగులో చేసి దిగిన నీలకంఠం. బోల్తాపడ్డ ఇంజన్లని లేపిన చేతులు అతనివి. తక్కినవాళ్లకి కమిటీ కుర్రాళ్లున్నారు కదా, పోగుచేస్తే పదిహేనుమంది కండలు తిరిగినవాళ్లు అనుకున్నాడు కూర్మారావు.

తదియ నాడు తాడు బయటికి తీశారు. కూర్మారావు ఇంటి ముందుగదిలో పీట మీద బండి చక్రమంత చుట్టగా ఉంటుంది ఆ తాడు. రెండువందల అడుగుల మనీలా తాడు, పిడికిలి నిండుగా లావు. ఏటా విశ్వకర్మ పూజకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొడతారు. టిండేలు తాడుని ఆడవాళ్లు ముట్టకూడదు, దాటకూడదు. దాటితే పై ఎత్తులో ఉన్న మనిషికి గండం. ఆ గది చూస్తే పదడుగులు లేదు, అందులో తాడే నాలుగడుగులు. నలభై రెండేళ్లుగా అతని పెళ్లాం పైడమ్మ నీళ్ల బిందె చంకనెత్తుకుని వచ్చినా, వేడి అన్నం గిన్నె పట్టుకుని వచ్చినా, గోడవారగా తాడు చుట్టూ తిరిగే పోతుంది. ఆ రోజు కూడా కూర్మారావూ నీలకంఠమూ తాడు భుజాలకెత్తుకుని గడప దాటేదాకా తలుపు వెనక్కి ఒదిగి నిలబడింది.

"జాగరత్త మావా," అంది. అంతే.

చవితి పొద్దున్న మైదానంలో గుంజ పాతారు. నలభై అడుగుల సాలు మొద్దు, దాని కొసన కప్పీ. గుంజ ఒరక్కుండా నాలుగు వైపులా తాళ్లు. టవరు పాదాలు జారకుండా ముందు మేకులు దిగ్గొట్టారు. ముడులన్నీ కూర్మారావు తనే వేశాడు. వేసిన ప్రతి ముడినీ బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, గోటితో మీటి చూశాడు. తాడు మీద తొమ్మిదిమంది ముసలివాళ్లు, పదిహేనుమంది కుర్రాళ్లు. బెంగాలీలున్నారు, బిహారీలున్నారు, ఇద్దరు సర్దార్లు, నలుగురు సంతాలు పిల్లలు. క్రేను పక్కన పెట్టి సునీల్ కూడా వచ్చి తాడు పట్టుకున్నాడు.

కూర్మారావు ఎత్తు మీద నిలబడి, ఎర్ర గుడ్డ చేత్తో పట్టుకుని, గొంతు సవరించాడు.

"కొండనైనా పిండి సేద్దాం!"

"హైలెస్సా!"

"రాముడి బంటులం గదరా!"

"హైలెస్సా!"

పాట బాగానే ఉంది. లాగడమే రెండు ముక్కలైంది. ఖలాసీలకి "హై" అంటే పట్టు బిగించడం, "లెస్సా" అంటే లాగడం. కుర్రాళ్లకి తెలిసింది బడిలో తాడుపోటీల "హైసా". వాళ్లు "హై" అనగానే ఊపిరంతా బిగబట్టి లాగేశారు. వాళ్లు వదిలే క్షణానికి ముసలివాళ్లు లాగారు. టవరు తల మూడడుగులు లేచి, గాలిలో ఒక్క కుదుపు కుదిపి, దబ్బున పడింది. గుంజ ఒరిగింది. తాడు సర్రున జారి సునీల్ అరచేయి ఒలుచుకుపోయింది. టవరు మీది చిన్న బాల్కనీ మూల విరిగి గడ్డిలో పడింది.

మళ్లీ చెప్పాడు. మళ్లీ లాగారు. చెప్పినప్పుడు అందరూ బుర్రలూపారు, లాగినప్పుడు మళ్లీ అదే. చేతులకి పట్టిన అలవాటు చెవి మాట వినదు. మూడోసారి గుంజ తాడొకటి పటపటమంటే కూర్మారావు ఎర్ర గుడ్డ దించేశాడు.

తనుశ్రీ బాల్కనీ ముక్కలు చున్నీలో ఏరుకుంది. సోమేశ్వరరావు గొడుగు కింద నిలబడి, "రేపు మధ్యాహ్నం, కూర్మారావూ. రంపం వాడికి కబురు పెట్టాను," అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక కూర్మారావు పీట పక్కన కూలబడి కుర్రాళ్లని తిట్టడం మొదలుపెట్టాడు. నిండా చీకటి పడలేదు. పైడమ్మ కొడుకు అరచేతికి పసుపూ కొబ్బరినూనే రాస్తోంది.

"జిమ్ముకెల్తారంట జిమ్ముకి! తాడు పట్టుకోడం రాదు. లయ లేదు, బుర్ర లేదు."

"ఆడలేక మద్దెలోడంట," అంది పైడమ్మ తల ఎత్తకుండా. "ఏ మాట మీద లాగారేటి?"

"హై మీద."

పైడమ్మ కిసుక్కున నవ్వింది. "ఓలమ్మో! హై మీద ఇటిక ఒగ్గేత్తే ఎదరదాని కాలు ముక్కలైపోదూ!"

కూర్మారావు చూశాడు. పైడమ్మ ముప్పై ఏళ్లు కంట్రాక్టు ఠేకేదారు కింద రేజా కూలీగా చేసింది. కొలిమి లోపలి గోడ కట్టేటప్పుడు ఆడకూలీలు వరసగా నిలబడి నిప్పిటుకలు చేతి నుంచి చేతికి అందించేవాళ్లు. ఒక్కో ఇటిక అయిదు కేజీలు. హై అంటే అందుకోవాలి, లెస్సా అంటే అందించాలి. ఒక్కరు తప్పితే వరసంతా తప్పుతుంది.

"మా ఇటికల వరసలో జోగమ్ముంది, నానున్నాను. కలిపితే డజనుమంది తేల్తాం. మాకా పాట రక్తంలో ఉంది మావా," అంది పైడమ్మ.

"ఇటిక ఏరు, తాడు ఏరు. టిండేలు తాడు ఆడది ముట్టడమేటే?"

పైడమ్మ కొడుకు చేతికి గుడ్డ చుట్టి ముడి వేసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. కోపంగా ఏం లేదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది.

"ఆ బెంగాలీ పిల్లని మూట మోసినోడేడని అడిగావంట. సునీల్ సెప్పాడు. బాగా అడిగావు, నాకు గర్వమేసింది. దోసె తీసి తాడు బొమ్మ పెట్టమన్నావంట, అదీ బాగుంది. మరా బొమ్మలో నానేడున్నాను?"

కూర్మారావు తాను లేపానని చూపించే ప్రతి చిమ్నీ కిందా ఒక కొలిమి ఉంది, ఆ కొలిమి లోపల ఇటికలున్నాయి. ఆ ఇటికలందించే ఆడవాళ్ల వరస పక్కనుంచి భుజాన తాడుతో ఎన్నిసార్లు నడిచి వెళ్లాడో లెక్కలేదు. అతనికి సిగ్గేసింది. పెళ్లాం ముందు సిగ్గుపడటం కొత్త కాబట్టి అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పంచమి తెల్లవారింది. టీ గ్లాసు అందుకుంటూ, "జోగమ్మని పిలు," అన్నాడు.

"నానేల పిలుత్తాను? టిండేలువి నువ్వు గదా. గ్యాంగుని పిలిసేది టిండేలే."

గ్యాంగుని టిండేలే గడప గడపకీ వెళ్లి పిలవాలి. అది వాళ్ల పద్ధతి, అతను పెట్టింది కాదు, అతని తాత పెట్టింది. కూర్మారావు చొక్కా తొడుక్కుని భుయ్యాడీహ్ సందుల్లోకి దిగాడు. మొదటి గడప జోగమ్మది. పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. అతను చెప్పిందంతా వింది.

"తాడు మైలపడదేటి బావా?"

"పడితే కడుక్కుంటాం. నడు."

"ముప్పయ్యేళ్లకి వచ్చింది పిలుపు. మొగం కడుక్కోనియ్యి మరి!" అని ఆ సందంతా వినబడేలా నవ్వి లేచింది.

తొమ్మిది గంటలకల్లా పన్నెండుమంది ఆడవాళ్లు చీరలు పైకి దోపుకుని మైదానంలోకి వచ్చారు. చూసి నీలకంఠం తాడు కింద పెట్టేశాడు.

"ఇది అపచారం కూర్మారావూ. ఆడోళ్లు పట్టిన తాడు నాను పట్టను."

కూర్మారావు అరవలేదు. అతనితో తగువు పెట్టుకునే తీరిక లేదు. పైగా అతని చేతులు కావాలి. "పట్టకు. ఎనక గై తాడు పట్టుకో. అది ఏరే తాడు గదా." టవరు నిటారుగా అయ్యాక అవతలికి తూలిపోకుండా వెనక నుంచి ఆపే తాడు అది. అనుభవం లేనివాడి చేతికి ఇచ్చేది కాదు. నీలకంఠం కాసేపు ఆలోచించి, వేరే తాడే అని ఒప్పుకుని వెనక్కి వెళ్లాడు. శాస్త్రమూ మిగిలింది, పనీ మిగిలింది.

సోమేశ్వరరావు గొడుగు ఊపుతూ వచ్చాడు. "ఏమిటిది? వీళ్లకేదైనా అయితే?"

"ఈల్లకేటవుతాది? నిరుడు దాకా మీ డాబాకి ఇటుకలు మోసినోల్లు ఈల్లే," అన్నాడు కూర్మారావు. సోమేశ్వరరావు ఆడవాళ్ల వైపు చూశాడు, ఒకరిద్దర్ని గుర్తుపట్టాడు కూడా. "సరే, నిండా మునిగినవాడికి చలేమిటి," అని పక్కకి తప్పుకున్నాడు. రంపం వాడు గొయ్యి గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

కూర్మారావు మనుషుల్ని మార్చి నిలబెట్టాడు. ఒక ఆడమనిషి, వెనక ఒక కుర్రాడు, మళ్లీ ఒక ఆడమనిషి, మళ్లీ ఒక కుర్రాడు. సన్నగా పొడుగ్గా ఉన్న సర్దారు పిల్లాడు జోగమ్మ వెనక పడ్డాడు. సునీల్ గుడ్డ చుట్టిన చేత్తో తల్లి వెనక. పాత ఖలాసీలు చివర, లంగరులాగా. అందరికంటే ముందు, కప్పీ కింద, పైడమ్మ.

"ఓరే, పాట వినొద్దు!" అని కుర్రాళ్లకి హిందీలో చెప్పాడు. "ముందున్న అమ్మ వీపు చూడండి. ఆ వీపు వంగితే మీరు వంగండి. ఆ వీపు ఆగితే మీరు ఆగండి. అంతే."

పైడమ్మ తాడు వైపు చూసింది. వంగి ముట్టుకోబోయి చేయి ఆపింది. కూర్మారావు ఎత్తు మీంచి ఆ చేతినే చూస్తున్నాడు. ఆమె రెండు చేతులూ గట్టిగా రుద్దుకుని, ఇటిక అందుకునేటప్పటిలాగే మోచేతులు దగ్గరికి తెచ్చుకుని, తాడు పట్టుకుంది. ఎర్ర గుడ్డ లేచింది.

"కొండనైనా పిండి సేద్దాం!"

"హై" అనగానే పన్నెండు వీపులు బిగిశాయి. "లెస్సా" అనగానే వెనక్కి ఒరిగాయి. వెనకున్న కుర్రాళ్లు వాటితో పాటే ఒరిగారు. తాడు కుదపలేదు. కిర్రుమని కప్పీ తిరిగింది. టవరు తల గడ్డి మీంచి జానెడు లేచింది, లేచింది అక్కడే నిలిచింది. బరువంతా మొదటి పది లాగుల్లోనే. కూర్మారావు పాట తొందరపెట్టలేదు. ఒక్కో లాగు తర్వాత ఊపిరి తీసుకునేంత చోటిచ్చాడు.

"సముద్రమవతల ఊరంట!"

"హైలెస్సా!"

"ఊరి పేరు ఇజ్మీరంట!"

"హైలెస్సా!"

"మూటలు మోసిన తాతంట!"

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. నవ్వినా లయ తప్పలేదు. మనిషెత్తు లేచింది. గుంజలో సగానికొచ్చింది. తనుశ్రీ ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో నోరు మూసుకుని మైదానం చుట్టూ పరిగెత్తుతోంది. టవరు ముక్కాలు లేచాక తాడు తేలికైంది. తేలికైనప్పుడే ప్రమాదం. కుర్రాళ్లు ఉత్సాహంగా ఇంకో లాగు లాగబోయారు. ముందు పైడమ్మ వీపు కదల్లేదు. సునీల్ ఆగాడు, వాడి వెనక అందరూ ఆగారు.

"నీలకంఠం! నీదే!"

టవరు నిటారుగా వచ్చి, ముందుకి తూగింది. వెనక తాడు మీద నీలకంఠం రెండు మడమలూ నేలలో దిగేసి, తాడు నడుముకి చుట్టుకుని, అంగుళం అంగుళం వదిలాడు. ఇనప పాదాలు నాలుగూ ఒకేసారి నేలకి తాకాయి. పందిరి వాళ్లు పరిగెత్తి బోల్టులు బిగించారు. మధ్యాహ్నానికి ఇంకా గంటంబావు ఉంది. రంపం వాడు బీడీ ఆర్పి, సంచీ భుజాన వేసుకుని, టవరు వైపు ఒకసారి తలెత్తి చూసి వెళ్లిపోయాడు.

కూర్మారావు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమటని ఎర్ర గుడ్డతో తుడుచుకున్నాడు.

సోమేశ్వరరావు మాట మీద నిలబడ్డాడు. దోసె పలక తీయించి, "కింద ఏమని రాయించమంటావు?" అని అడిగాడు.

"మోసినోల్లు అని రాయించండి. అక్కడ ఇజ్మీర్ హమాలీ తాతకీ అదే, ఇక్కడా అదే. అన్ని బాసల్లోనూ."

"దోసె మరీ పారేయకు, పక్కన ఎక్కడైనా..." అన్నాడు ఆయన.

"ఉంచండి. మా పైడి దోసె బాగానే ఏత్తాది," అన్నాడు కూర్మారావు. గెలిచినప్పుడు మనిషికి ఉదారం వస్తుంది.

సాయంత్రం దీపాలు వెలిగాక ఉతికిన చొక్కా తొడుక్కుని, పైడమ్మనీ సునీల్‌నీ వెంటబెట్టుకుని పందిరికి వెళ్లాడు. లోపల కమాన్ల బజారు, ఇత్తడి దీపాలు, తివాచీల బొమ్మలు, చివర దుర్గమ్మ. దొరసాని పక్కనే ఇప్పుడు హమాలీ తాత వీపు వంచుకుని ఉన్నాడు. జనం అతని ముందు ఆగి చూస్తున్నారు. బయటికి పోయే దారిలో కొత్త పలక. తనుశ్రీ పొద్దున తీసిన ఫొటో నిలువెత్తు చేసి పెట్టారు. ముందు పైడమ్మ, నోరు తెరిచి, మెడ నరాలు తేలి, సరిగ్గా "లెస్సా" అంటున్న క్షణం. వెనక సునీల్, ఆపైన జోగమ్మ, సర్దారు పిల్లాడు, సంతాలు కుర్రాళ్లు, కొసన ఖలాసీలు. వాళ్లందరి చేతుల్లోంచీ తాడు.

కూర్మారావు దగ్గరికి వెళ్లి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని మళ్లీ చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలితో వెదికాడు. అతను లేడు. టిండేలు నిలబడిన ఎత్తు ఫొటోకి అవతల ఉండిపోయింది.

తనుశ్రీ చేతులు నలుపుకుంటూ వచ్చింది. "కాకా, నేను చూసుకోలేదు. అడిగింది మీరు, మీరే ఫొటోలో పడలేదు. రేపు మిమ్మల్ని తాడు పట్టుకుని నిలబెట్టి ఇంకోటి తీస్తాను, మార్చేద్దాం."

కూర్మారావు గడ్డం గోక్కున్నాడు. ఒక్క నిమిషం నిజంగానే మార్చమందామనిపించింది. పక్కన ఎవరో కోడలు పిల్ల తన కూతురికి ఫొటో చూపించి, పైడమ్మని గుర్తుపట్టి, "అరే, యే వహీ ఆంటీ హైఁ!" అంటోంది. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"వద్దమ్మా," అన్నాడు. "టిండేలు తాడు పట్టుకుంటే అది దొంగ బొమ్మవుతాది. ఉండనీ."

మర్నాడు వాన వచ్చింది. మైదానంలో తడిసిన తాడు ఇంటికి తెచ్చి, కుళ్లిపోకుండా కూర్మారావు దాన్ని ముందుగదిలో వదులుగా పరిచి ఆరబెట్టాడు. పీట మీద ఉన్నప్పుడు నాలుగడుగులు తినేది, ఇప్పుడు గదంతా దానిదే. పైడమ్మ వీధి కొళాయి నుంచి నిండు బిందె చంకనెత్తుకుని వచ్చి గడపలో ఆగింది. గోడవారన కూడా దారి లేదు.

"దాటి వచ్చీయే. ఏటవదులే," అన్నాడు కూర్మారావు మంచం మీంచి, పెద్ద వరమిచ్చినట్టు.

పైడమ్మ తాడు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. బిందె ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"నలబై రెండేళ్లు సుట్టూ తిరిగాను. ఇప్పుడు దాటడమేటి? అడ్డం తియ్యి."

కూర్మారావు లేచాడు. వంగి, తడి తాడు ఒక్కో చుట్టా కూడగట్టి, నీళ్లు కారుతుంటే భుజాన వేసుకుని, గోడవారకి ఒదిగి నిలబడ్డాడు. పైడమ్మ బిందెతో గది మధ్యలోంచి నడిచి వంటింట్లోకి వెళ్లింది.